లారీ నిలిచిన రోజులకూ లెక్క రాయండి

ప్రశ్న: చెన్నై రెడ్‌హిల్స్‌లో ఉంటూ 22 ఏళ్లుగా లారీ నడుపుతున్నాను. బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి, నాయుడుపేట దగ్గరి పొలం అమ్మి పది చక్రాల బండి కొందామని పట్టుబడుతున్నాడు. విజయవాడ ట్రిప్పు లెక్క ఒకటి పంపుతున్నాను. ఒప్పుకోమంటారా?

జవాబు: మీరు పంపిన కాగితంలో బాడుగలోంచి డీజిలు, టోలు, బత్తా (డ్రైవరు రోజువారీ భత్యం), హమాలీ, బ్రోకరు కమీషను తీసివేసి, మిగిలినదంతా లాభమని రాశారు. డ్రైవరుకు ఆ లెక్క సరిపోతుంది. యజమానికి అసలు ఖర్చులు ఆ గీత కిందే మొదలవుతాయి.

పొలం అమ్మిన సొమ్ము చాలక 25 లక్షలు అప్పు చేస్తారనుకుందాం. దాన్ని 11 శాతం వడ్డీతో ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 54,000 రూపాయల వాయిదా పడుతుంది. అంటే బండి కదిలినా కదలకపోయినా రోజుకు 1,800. తిరుగు లోడు కోసం విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు ఆగితే, బత్తా కాక, వాయిదా కిందే 3,600 పోతుంది. ఆంధ్రలో కన్నా తమిళనాడులో డీజిలు చవక కనుక ఇక్కడే ట్యాంకు నింపుకుని మీరు మిగుల్చుకునే సొమ్ము ఆ రెండు రోజుల నష్టాన్ని పూడ్చలేదు.

మీ కాగితంలో టైర్ల వరుసే లేదు. ఒక్కో టైరు 20,000 రూపాయలకు వచ్చి, 80,000 కిలోమీటర్లు నడుస్తుందనుకున్నా, పది టైర్లకు కిలోమీటరుకు రెండున్నర రూపాయలు అరుగుతుంది. రానుపోను 900 కిలోమీటర్ల విజయవాడ ట్రిప్పుకు అది 2,250. ఇన్సూరెన్సు, పర్మిట్టు, ఎఫ్‌.సి. (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చులను కూడా నెలలకు పంచి రాయాలి. వాయిదా తరుముతున్నప్పుడు ఇంకో రెండు టన్నులు వేసుకోమని బ్రోకరు అంటే కాదనడం కష్టం. కానీ 2019 చట్ట సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా పడుతుంది.

పొలం ఇప్పుడే అమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను. అబ్బాయి ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. బండి గురించి తెలిసిన తండ్రి, ఖాతాలు చదివిన కొడుకు ఒకే ఇంట్లో ఉండడం మంచి బలం. పరీక్షలు అయ్యాక అతన్ని ఒక ఏడాది మాధవరంలోని ఏదైనా ట్రాన్స్‌పోర్టు బుకింగు ఆఫీసులో పనికి పెట్టండి. ఏ నెలలో ఏ ఊరికి లోడు దొరుకుతుందో, లోడు దించాక రావలసిన బ్యాలెన్సు బాడుగ ఎన్నాళ్లకు చేతికి వస్తుందో అక్కడ కళ్లారా చూస్తాడు. ఈలోగా మీరు నడిపే బండి ప్రతి నెలా ఎన్ని రోజులు, ఎక్కడ, ఎందుకు నిలిచిందో నోటుబుక్కులో రాస్తూ ఉండండి. ఆరు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము బ్యాంకులో విడిగా చేరాక, ఆ పుస్తకంతో ఇద్దరూ కలిసి నా దగ్గరకు రండి.