లేజర్ కట్టర్‌లో ఫోకస్ ఎత్తు ఎలా కుదుర్చుకోవాలి? సన్‌బోర్డు కోయొచ్చా?

3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక) బాగానే తెగుతోంది, 6 మి.మీ. యాక్రిలిక్ మాత్రం అడుగున తెగడం లేదన్నారు. సన్‌బోర్డు సంగతీ అడిగారు. ముందు దానికే జవాబు: దయచేసి కోయకండి.

సన్‌బోర్డు, వినైల్ స్టిక్కరు, చాలా రకాల రెక్సిన్ పీవీసీతో, అంటే క్లోరిన్ ఉండే ప్లాస్టిక్‌తో చేసినవే. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. అది తేమతో కలిసి ఆమ్లమై ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, మెషీన్ పట్టాలకు తుప్పు పట్టిస్తుంది. షీటు ఏమిటో తెలియకపోతే ఆరుబయట రాగి తీగను ఎర్రగా కాల్చి, ఆ షీటుకు తాకించి, తీగను మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే. ఆ షీటు పక్కన పడేయండి. పాలికార్బొనేట్ కూడా వద్దు, గోధుమరంగుకు మాడి నిప్పంటుకుంటుంది. యాక్రిలిక్, ప్లైవుడ్, అట్ట, నూలు బట్ట ఫరవాలేదు. అయినా ఎగ్జాస్ట్ ఆన్‌లోనే ఉండాలి, మెషీన్ దగ్గర మనిషి ఉండాలి.

ఇక ఫోకస్, అంటే లేజర్ కిరణం అన్నిటికంటే సన్నబడే చోటు. ఎండీఎఫ్ ముక్కను ఒకవైపు ఎత్తిపెట్టి, తక్కువ పవర్‌తో దాని మీద పొడవుగా ఒక గీత గీయించండి. గీత ఒకచోట వెంట్రుకలా సన్నబడుతుంది. లేజర్ హెడ్‌ను ఆ చోటికి తెచ్చి, నాజిల్ (కిరణం బయటికొచ్చే మూతి) కొస నుంచి ముక్క దాకా కొలవండి. అదే మీ ఎత్తు. ఆ కొలతకు యాక్రిలిక్ ముక్కొకటి కోసి పెట్టుకుంటే గేజ్‌లా రోజూ పనికొస్తుంది. షీటు మందం మారిన ప్రతిసారీ మళ్లీ సరిచూడాలి, చాలామంది తప్పేది ఇక్కడే. మీ 6 మి.మీ. షీటుకైతే హెడ్‌ను ఇంకో 2 మి.మీ. దించండి, ఫోకస్ షీటు లోపల పడి అడుగుదాకా తెగుతుంది.