ట్రిగ్గర్ కొనబోయే మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి,

అనంతపురం నుంచి మామ ఆశీస్సులు. కడపలో మేడ మీది గదిని స్టూడియోగా మారుస్తున్నావనీ, రెండు ఫ్లాష్ లైట్లు ఇప్పటికే వచ్చేశాయనీ, వాటిని కెమెరా దగ్గరి నుంచే నడపడానికి ఏ వైర్‌లెస్ ట్రిగ్గర్ తీసుకోవాలో తేలడం లేదనీ రాశావు. నువ్వు పంపిన చీటీలో నాలుగు ట్రిగ్గర్ల ధరలూ, అవి ఎంత దూరం పనిచేస్తాయన్న అంకెలూ ఉన్నాయి గానీ, నీ లైట్ల మోడల్ పేరు మాత్రం ఎక్కడా లేదు. నన్నడిగితే మొదట రాయవలసింది అదే. ట్రిగ్గర్‌ను విడిగా ఎంచుకోవడం అంటూ ఉండదమ్మా. లైటు లోపల ఉండి ట్రిగ్గర్ సంకేతాన్ని అందుకునే రిసీవర్ సగం తేల్చేస్తుంది, కెమెరా నెత్తిన ట్రిగ్గర్‌ను తగిలించే హాట్‌షూ మిగతా సగం తేలుస్తుంది.

ఈనాటి ట్రిగ్గర్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. అది చూసి ఏదైనా దేనితోనైనా కలుస్తుందని అనుకోకు. ప్రోఫోటో, ఎలిన్‌క్రోమ్, గోడాక్స్ కంపెనీల సరుకు మూడూ ఆ పౌనఃపున్యం మీదే పనిచేసినా, ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు. గోడాక్స్‌లోనే ఎంఎస్ 300, ఎస్‌కే 300 రెండో తరం వంటి లైట్లకు రిసీవర్ లోపలే ఉంటుంది. అంతకు ముందు వచ్చిన కొన్నింటికి పక్కన చిన్న సాకెట్ ఉండి, అందులో వేరే రిసీవర్‌ను గుచ్చుకోవాలి. ఆ గుచ్చుకునే వాటిలోనూ 433 మెగాహెర్ట్జ్ రకం ఒకటి, 2.4 రకం ఒకటి ఉన్నాయి కనుక, లైటును వెనక్కి తిప్పి, అక్కడ రాసి ఉన్నది అక్షరం పొల్లు పోకుండా రాసుకొని అంగడికి వెళ్లు.

ఏ రిసీవరూ లేని లైటు అయితే, ఫ్లాష్‌కు సంకేతం మోసే సింక్ తీగతో బయటి రిసీవర్‌ను తగిలించవచ్చు. 3.5 మిల్లీమీటర్ల పిన్నా, 6.35 మిల్లీమీటర్ల లావు పిన్నా అన్నది చూసుకుంటే చాలు. కానీ ఆ ఏర్పాటులో ఫ్లాష్ పడుతుందే తప్ప, దాని పవర్ మారదు. ఇది చిన్న లోటు అనిపించవచ్చు. నువ్వు పసిపిల్లల ఫొటోలు తీస్తానంటున్నావు కనుక చెబుతున్నాను: ఏడడుగుల ఎత్తున, బిడ్డకు సరిగ్గా పైన, వెలుగును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ తొడిగిన లైటు వేలాడుతూ ఉంటుంది, తల్లి గిలక ఆడిస్తూ ఉంటుంది, బిడ్డ అప్పుడే నవ్వడం మొదలుపెడుతుంది, తెర మీద చూస్తే నుదురు తెల్లగా కాలిపోయి ఉంటుంది. అప్పుడు నువ్వు స్టూలు ఎక్కి లైటు వెనక ఉన్న మీట తిప్పి దిగేసరికి ఆ బిడ్డ ఏడుపు అందుకుంటుంది. అదే ట్రిగ్గర్ మీద నుంచి పవర్ మార్చగలిగితే, పావు నుంచి ఎనిమిదో వంతుకు చక్రం తిప్పావంటే వెలుగు సగమవుతుంది, నీ కన్ను వ్యూఫైండర్ నుంచి కదలదు. పవర్‌నూ, వెలుగు ఎలా పడుతుందో ముందే చూపే మోడలింగ్ ల్యాంపునూ కెమెరా దగ్గరే మార్చే సౌకర్యం లేనిదాన్ని, ధర ఎంత తక్కువైనా, నువ్వు తీసుకోవద్దు.

మన పాత లైటు ఒకటి నీకు పంపుతానన్నాను కదా, దాని సంగతి వేరు. ఆ కాలపు లైట్ల సింక్ సాకెట్‌లో వంద వోల్టులు దాటి ఉండటం కద్దు. దాన్ని ఎప్పుడూ తీగతో నేరుగా కెమెరాకు కలపకు. ముందు మల్టీమీటర్ పెట్టి కొలిచి, బయటి రిసీవర్ ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో దాని పుస్తకంలో చూసి, ఆ తరువాతే తగిలించు.

ఇక కెమెరా వైపు. నీది కానన్ 200డి రెండో తరం అని గుర్తు. దాని హాట్‌షూను ఒకసారి వేలితో తడిమి చూడు, మధ్యలో ఉండవలసిన పెద్ద పిన్ను ఉండదు. ఆ ఒక్క పిన్నుతోనే ఫ్లాష్‌కు సంకేతం పంపే చవక ట్రిగ్గర్లు దాని మీద పెడితే ఉలకవు, పలకవు. నీ చీటీలో మొదటి రెండూ అలాంటివే కనుక కొట్టేయి. కానన్ కోసం ప్రత్యేకంగా చేసిన రకమే తీసుకోవాలి, అందులోనూ నీ కెమెరా పేరు తయారీదారు జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. సోనీ కెమెరాకు చేసింది చవకగా దొరికిందని తెచ్చుకుంటే అది నీకు పనికిరాదు.

హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ సింక్) ఉన్న ట్రిగ్గర్ అని అంగడిలో గట్టిగా చెబుతారు. అంటే కెమెరా సింక్ వేగాన్ని, ఫ్లాష్ వెలుగు చిత్రమంతా పడే గరిష్ఠ షటర్ వేగాన్ని, దాటి సెకనులో వెయ్యో వంతుకో అంతకన్నా వేగానికో వెళ్లినా ఫ్లాష్ కలిసి రావడం. అది ట్రిగ్గర్‌లో ఉంటే చాలదు, లైటులోనూ ఉండాలి. పైన చెప్పిన ఎంఎస్ 300, ఎస్‌కే 300 లైట్లలో లేదు. నీ కెమెరా సింక్ వేగం 1/200. దాన్ని దాటితే ఏమవుతుందో నేను ధర్మవరం పట్టుచీరలు తీస్తూ తెలుసుకున్నాను. చీరలు పరిచి వరుసగా తీసుకుంటూ పోతుండగా వేలు తగిలి షటర్ 1/320కి జరిగింది, నేను గమనించలేదు. సాయంత్రం కంప్యూటర్‌లో చూస్తే ప్రతి చీరకూ కింది జరీ అంచు మీద ఒక నల్లటి పట్టీ. షటర్‌లోని రెండో తెర మూసుకోవడం మొదలుపెట్టాక ఫ్లాష్ పడితే చిత్రం అడుగున అలాగే చీకటి మిగులుతుంది. జరీ చూపించడానికే తీసిన ఫొటోలు కనుక పదిహేడు చీరలూ మళ్లీ పరిచాను. గదిలో పనికి నీకు హెచ్ఎస్ఎస్ అక్కర్లేదు. రేపు గండికోటలో మిట్టమధ్యాహ్నం పెళ్లికి ముందు ఫొటోలు తీయవలసి వస్తే, అప్పుడు ఆ సౌకర్యం ఉన్న బ్యాటరీ లైటు కొనుక్కుందువు గానీ. నువ్వు తీసుకునే ట్రిగ్గర్ ఆ లైటుకూ పనికివచ్చే కుటుంబంలోదైతే మేలు.

వంద మీటర్ల దూరం అన్న అంకెకు మురిసిపోకు. పన్నెండడుగుల గదిలో వచ్చే చిక్కు తిరగబడి ఉంటుంది, మరీ దగ్గరగా ఉన్నందుకే కొన్నిసార్లు ఫ్లాష్ పడదు. అందుకే గోడాక్స్ ఎక్స్‌ప్రో వంటి ట్రిగ్గర్లలో 0 నుంచి 30 మీటర్లు అనే ఎంపిక పెట్టారు. నువ్వు చూస్తున్న దానిలో అది ఉందేమో అడుగు.

పెళ్లిళ్లకు ఇవే లైట్లు తీసుకెళ్తావు కనుక ఛానల్‌తో పాటు, నీ లైట్లను ఇతరుల వాటి నుంచి వేరు చేసే ఐడీ సంఖ్య పెట్టుకునే వీలు కూడా ఉండాలి. ఒక ముహూర్తంలో నా లైట్లు నేను నొక్కకుండానే వెలుగుతుంటే మొదట దయ్యం అనుకున్నాను. పెళ్లికూతురి వైపు ఫొటోగ్రాఫర్ కూడా అదే ఛానల్ మీద ఉన్నాడు. తాళి కట్టే క్షణంలో నేను నొక్కేసరికి లైటు ఇంకా ఛార్జ్ అవుతూనే ఉంది. లైటు మీద ఉండే స్లేవ్ కన్నును కూడా అక్కడ ఆపి ఉంచు, లేకుంటే ఎవరి ఫ్లాష్‌కైనా అది స్పందిస్తుంది.

పెన్సిల్ సెల్స్‌తో నడిచేదైతే, పని అయిపోగానే వాటిని తీసి పెట్టు. మన ఎండలకు కారులో వదిలేసిన ఆల్కలైన్ సెల్స్ కారి నా పాత ట్రిగ్గర్ స్ప్రింగులు పచ్చగా చిలుము పట్టాయి.

అంగడికి కెమెరాతో పాటు ఒక లైటును కూడా బండి మీద పెట్టుకొని వెళ్లు. అక్కడే ప్లగ్గుకు పెట్టించి, లైటు ఛార్జ్ అయ్యే వ్యవధి ఇస్తూ, మీటరు దూరం నుంచి యాభై సార్లు, బయట మెట్ల మీద నుంచి మరో యాభై సార్లు నొక్కి చూడు. ఒక్కసారి తప్పినా ఛానల్ మార్చి మళ్లీ చూడు, అప్పటికీ తప్పితే అక్కడే వదిలేసి రా. లైటు వెనక రాసి ఉన్నదాన్ని ఫొటో తీసి నాకు ఈ రాత్రికే పంపు. చీటీలో మిగిలిన రెండింటిలో ఏది దానికి కుదురుతుందో రేపు ఉదయం చెబుతాను.

ఇట్లు,
మీ మామ