‘అమెరికా వీసా రాలేదా?’ అంటున్నారు!

ప్రశ్న: మాది ఖమ్మం. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాను. జర్మనీలో ఎంఎస్ సీటు వచ్చింది, అక్టోబరులో ప్రయాణం. ఇంటికి వచ్చినవారంతా ‘అమెరికా వీసా రాలేదా?’, ‘ఫీజు లేని చదువుకు విలువేముంటుంది?’, ‘హిట్లర్ దేశానికి ఆడపిల్ల ఒంటరిగానా?’ అంటున్నారు. నాన్న కూడా తటపటాయిస్తున్నారు. వీరికి ఏమని చెప్పాలి?

జవాబు: అందరికీ సంజాయిషీ ఇవ్వనవసరం లేదు. అమెరికా వీసా సంగతి అడిగినవారితో ‘నేను దరఖాస్తే చేయలేదండీ’ అనండి, చాలు. నాన్నగారికి మాత్రం వివరంగా చెప్పాలి. డబ్బు సర్దాల్సింది ఆయనే కదా.

ఫీజు ప్రశ్న మొరటుగా ఉన్నా అందులో పస ఉంది. ఎక్కువ ఫీజు ఉంటేనే మంచి కాలేజీ అనే లెక్క మనకు ఇంటర్ నుంచే తలకెక్కింది. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ప్రధానంగా పన్నుల డబ్బుతో నడుస్తాయి. కొన్ని రాష్ట్రాలు ఫీజులు పెట్టి చూశాయి, జనం ఒప్పుకోకపోవడంతో 2014 నాటికి ఎత్తేశాయి. అయితే ‘జర్మనీలో చదువు ఉచితం’ అన్న మన మాట కూడా పూర్తి నిజం కాదు. స్టట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటి దేశాల విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024లో ఫీజు మొదలుపెట్టింది. కార్ల కంపెనీల మోజులో మెకానికల్ విద్యార్థులు ఎక్కువగా చూసేది ఈ వైపే. మీ సీటు ఎక్కడో మీరు రాయలేదు, ప్రవేశ పత్రం మరోసారి చదవండి.

ఫీజు లేకపోయినా వీసాకు బ్లాక్డ్ అకౌంట్ తప్పదు, అంటే అక్కడి జీవన ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే బ్యాంకు ఖాతా. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ముందే జమచేసి చూపాలి. అక్కడికి వెళ్లాక అందులోంచి నెలకు 992 యూరోలే చేతికి వస్తాయి. ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి వీసాకు వెళ్లే ముందు సరిచూసుకోండి. నాన్నగారి తటపటాయింపు హిట్లర్ గురించి కాదు, దీని గురించే అయ్యుంటుంది. అద్దె, ఆరోగ్య బీమా, తిండి ఖర్చులు ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చన్నది నిజమే కానీ, ఆ సంపాదనను లెక్కలో కలపకండి. దొరికితే మంచిదే.

‘ఒంటరిగానా’ అన్న మాట వెనుక అమ్మ భయం ఉంటుంది. దానికి ధైర్యవచనాలు చాలవు, గది చిరునామా చూపాలి. విద్యార్థి వసతి గృహాల్లో నిరీక్షణ జాబితాలు పొడవుగా ఉంటాయి. ఇంకా దరఖాస్తు చేయకపోతే ఈరోజే చేయండి.

హిట్లర్ పాలన 1945లోనే ముగిసింది. ఆ చరిత్రను అక్కడ బడిలోనే నేర్పుతారు, నాజీ చిహ్నాల ప్రదర్శన నేరం. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. మన ఇళ్లలో ప్రయాణానికి ముందు సూట్‌కేసు మీద కుంకుమతో స్వస్తిక్ వేయడం అలవాటు, నాజీల గుర్తూ చూడటానికి అలాగే ఉంటుంది. ఆ చట్టం మన పూజ గురించి కాకపోయినా, విమానాశ్రయంలో దాని అర్థం వివరిస్తూ నిలబడటం దేనికి? పెద్దవారిని ఓంకారం రాయమనండి.

అక్కడివారికీ మన గురించి ముందస్తు అభిప్రాయాలుంటాయి. ‘ఇంట్లో హిందీ మాట్లాడతారా?’ అని తప్పకుండా అడుగుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల పైమాటే, దాదాపు జర్మనీ జనాభా అంత అని చెప్పండి. పెళ్లి గురించి, కులం గురించి కూడా అడగవచ్చు. చాలామంది తెలుసుకోవాలనే అడుగుతారు, సూటిగా మాట్లాడటం అక్కడ మామూలు. తెలిసింది చెప్పండి, ఇష్టం లేకపోతే చెప్పనని అనండి. ఎవరూ నొచ్చుకోరు.

ఇంతమంది చుట్టాల్లో ఒక్కరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను: జర్మన్ ఎంతవరకు వచ్చింది? కోర్సు ఇంగ్లిషులో ఉండవచ్చు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి దొరుకుతుంది. మెకానికల్ రంగంలో మాత్రం ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర, సమావేశాల్లో మాట్లాడేది జర్మనే. జర్మన్‌లో బీ1 (మధ్యస్థాయి) కూడా లేకుండా ఆ 18 నెలలూ గడిపేసి నా దగ్గరికి వచ్చినవారిని చూశాను. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే జెంత్రుమ్ ఉంది, ఆన్‌లైన్ తరగతులూ దొరుకుతాయి. అక్టోబరు లోపు కనీసం ఏ1 (తొలి మెట్టు) పూర్తిచేయండి.