వెల్డింగ్ రవ్వలకు వ్యాను లోపల కాలిపోయింది, పరిహారం వస్తుందా?

ప్రశ్న: నాన్నగారు వదిలి వెళ్లిన పాత వ్యానును నేనే నడుపుకుంటూ సామాన్ల రవాణాతో బతుకుతున్నాను. ఫ్లోరు తుప్పు పట్టి చిల్లులు పడింది. పెద్ద వర్క్‌షాపు ఖర్చు భరించలేక ఒక వెల్డరుకు రెండు రోజులు వ్యాను అప్పగించాను. లోపల కప్పడానికి పాతది ఏదైనా ఇచ్చి వెళ్లమంటే ఇంట్లోని పాలిస్టర్ దుప్పటి ఇచ్చాను. తిరిగి వెళ్లేసరికి దుప్పటి కరిగి సీట్లకు అంటుకుపోయింది. డాష్‌బోర్డు మీద చిల్లులు, ముందు అద్దం నిండా నల్లని చుక్కలు. అడిగితే, ‘దుప్పటి మీరే తెచ్చారు కదా, రవ్వలు పడితే నాదేం బాధ్యత?’ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. నా దగ్గర బిల్లు లేదు. ఇది జరిగి 22 నెలలైంది. నాన్నగారి గుర్తు ఇలా పాడైపోయిందని నిద్ర పట్టడం లేదు. తెలిసిన గ్యారేజీవారు పాత తేదీతో బిల్లు రాసిస్తామంటున్నారు. కేసు వేయవచ్చా? ఇంకోవైపు ఫ్లోరుకూ వెల్డింగ్ చేయించాలి. తక్కువ ఖర్చుతో లోపలి భాగాన్ని కాపాడుకోవడం ఎలా?

జవాబు: మీ ఉత్తరంలో నాన్నగారి సంగతి పక్కన పెడుతున్నాను. దుప్పటి సంగతీ కాసేపు పక్కన పెట్టండి. మీ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద: ఆ రెండు రోజులూ వ్యాను తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి?

వెల్డరు దగ్గరే ఉంటే అది చట్టం దృష్టిలో బెయిల్‌మెంట్, అంటే పని ముగిశాక తిరిగి ఇవ్వాలన్న షరతుతో వస్తువును అప్పగించడం. ఒక పని కోసం ఇచ్చిన వస్తువును, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. వస్తువు అతని అధీనంలో ఉండగా పాడైంది కనుక, ఆ జాగ్రత్త తీసుకున్నానని చూపించుకోవలసిన భారం అతని మీదే పడుతుంది. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. ఉక్కు కరగాలంటే 1400 డిగ్రీలు దాటాలి. ఇది మీకు తెలియకపోవచ్చు. రోజూ ఆ పనితో బతికేవాడు తెలియదంటే చెల్లదు. మీరిచ్చిన దుప్పటిని చూసి ‘ఇది పనికిరాదు’ అని పక్కన పడేయవలసింది అతనే. అయినా దుప్పటి మీరిచ్చిందే కాబట్టి పరిహారం కొంత తగ్గవచ్చు. ఆ విషయం వినియోగదారుల కమిషన్‌లో వేసే ఫిర్యాదులో దాచవద్దు. మీరు దాస్తే అతను బయటపెడతాడు, అప్పుడు మీ మిగతా మాటలనూ ఎవరూ నమ్మరు.

మీరు భయపడుతున్న ఆ వాయిస్ మెసేజ్ నిజానికి మీకు దొరికిన మేలైన సాక్ష్యం. పని చేసింది తానేనని, రవ్వలు పడ్డాయని అతను ఆ ఒక్క ముక్కలో ఒప్పుకున్నాడు. ఆ ఫోను అమ్మవద్దు, మార్చవద్దు, రీసెట్ చేయవద్దు. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు, దాన్ని ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం జతచేయాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య నియమాలను అంత కఠినంగా పట్టుకోదు, అయినా తయారు చేసి ఉంచుకోండి. డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. నగదు ఇచ్చి ఉంటే అప్పుడు పక్కన ఉన్నవారి చేత అఫిడవిట్ ఇప్పించండి.

ఇక వ్యాను. మరకలు పోగొట్టాలని అద్దానికి పాలిష్ పట్టించారా? పట్టించకపోతే మంచిది. వెల్డింగ్ రవ్వ గాజులోకి కరిగి దిగుతుంది, గోటితో గీకితే చిన్న గరుకు తగులుతుంది. సీటు చిల్లు అంచున గట్టిపడిన చిన్న గుండు ఉంటే అది అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇసుక రేణువులు తగిలిన అద్దానికి, సిగరెట్‌తో కాలిన సీటుకు ఈ గుర్తులుండవు. దగ్గరగా ఫొటోలు తీయండి, ఒకటి రెండు గుండ్లు కవరులో భద్రపరచండి. బాగుచేయడానికి ఎంతవుతుందో రెండు చోట్ల రాతపూర్వకంగా అంచనా తీసుకోండి.

పాత తేదీ బిల్లు మాట మళ్లీ ఎత్తవద్దు. ఏ బిల్లు పుస్తకానికైనా వరుస సంఖ్యలుంటాయి. మీ బిల్లుకు ముందూ వెనకా ఉన్న బిల్లుల తేదీలు చూపమని ఎదుటి న్యాయవాది అడిగితే చాలు, కథ ముగుస్తుంది. కమిషన్ ముందు నడిచేది న్యాయవిచారణగానే లెక్క. అక్కడ తప్పుడు సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. నష్టపోయినవారు నిందితులవుతారు, రాసిచ్చిన గ్యారేజీవారూ ఇరుక్కుంటారు.

మందలించక తప్పని సంగతి ఇంకొకటుంది. 22 నెలలు దేనికోసం ఆగారు? వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ఇచ్చే గడువు 2 ఏళ్లు. అది వ్యాను తీసుకుని నష్టం చూసిన రోజు నుంచే నడుస్తోంది. అతను ‘చూద్దాం’ అన్నాడని, మీరు నోటీసు పంపారని ఆ గడువు ఆగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని క్షమించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ బాధతో ఊరుకున్నానంటే అది కారణం కాదు. సివిల్ కోర్టులో దావాకు 3 ఏళ్లుంటాయి, కానీ దానికి కోర్టు ఫీజు కట్టాలి.

అందుకే ఈ వారమే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ గడువు దాటగానే మీరుండే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. వెల్డరు ఉండే చోటికే వెళ్లనక్కరలేదు. మీరు ఇచ్చిన మజూరీ 5 లక్షల రూపాయలలోపే ఉంటుంది కాబట్టి ఫీజు లేదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు (నా వృత్తివారు ఈ మాటకు నన్ను మెచ్చుకోరు). వాణిజ్య వాహనం కదా, మీరు వినియోగదారుల కిందికే రారని అతను అభ్యంతరం చెప్పవచ్చు. స్వయంఉపాధితో బతుకుతూ వ్యానును మీరే నడుపుతున్నారని మొదటి పేరాలోనే రాయండి. బాగుచేసే ఖర్చు, వ్యాను నిలిచిపోయిన రోజుల ఆదాయం అడగండి, ట్రిప్పుల పుస్తకం ఉంటే జతచేయండి. కమిషన్ రాజీకి పిలిస్తే వెళ్లండి.

రెండోవైపు వెల్డింగ్‌కు పెద్ద ఖర్చు అక్కరలేదు. సీట్లు, మ్యాట్లు విప్పి బయట పెట్టించండి, అక్కడ లేనిది కాలదు. విప్పలేనివాటికి, అద్దాలకు పాత రేకు ముక్కలు అడ్డం పెట్టించండి. లేదా మందపాటి నూలు గోనె, కాన్వాస్ తడిపి కప్పించండి, వైరింగ్ మీదకు మాత్రం నీళ్లు కారకూడదు. గ్రైండరు నిప్పులు కూడా అద్దాన్ని అలాగే పొడుస్తాయి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించండి, ఇంధన ట్యాంకు ఎంత దూరంలో ఉందో చూడండి, నిప్పు ఆర్పే పరికరం దగ్గర ఉంచి పని ముగిశాక కూడా కొంతసేపు కనిపెట్టి ఉండండి. పాలిస్టర్, నైలాన్, పాలిథీన్ దగ్గరకు రానివ్వవద్దు. తాళాలు ఇచ్చేముందు ఒక కాగితం మీద ‘సీట్లు విప్పడం, అద్దాలు, డాష్‌బోర్డు కప్పడం వెల్డరు బాధ్యత’ అని రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకుని ఫొటో తీసుకోండి. సంతకం పెట్టనంటే వ్యాను అక్కడ వదలవద్దు.