కొమ్మ పడిపోతుంటే పావురాలు ఎందుకు ఎగరట్లేదు?

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఇంటర్, పిట్టల బొమ్మలు బాగా వేస్తాడు. మొన్న వాల్టన్ ఫోర్డ్ అనే అమెరికా ఆర్టిస్ట్ బొమ్మ చూపించాడు, విరిగి పడిపోతున్న కొమ్మ, దాన్నిండా పావురాలు. పాత సైన్స్ పుస్తకంలో పేజీలా ఉంది కానీ 2002లో వేసిందంట. పాతవి చూసి కాపీ కొట్టడమే కదా ఇది?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: కాపీ కాదండీ. మీరన్న ఆ పాత పుస్తకం తీరు ఆడుబాన్ అనే చిత్రకారుడిది, ఆయన 1827 నుంచి 1838 దాకా అమెరికా పక్షుల్ని 435 ప్లేట్లలో, అంటే పేజీకో బొమ్మగా, అచ్చేయించాడు, ప్రతి పిట్టా అసలు సైజులోనే ఉండాలని పట్టు, అందుకే ఫ్లెమింగో పేజీలో పట్టక మెడ కిందికి వంచుకుని ఉంటుంది. కానీ ఆ పిట్టల్ని ముందు తుపాకీతో కొట్టి, తీగలతో ప్రాణమున్నట్టు నిలబెట్టి అప్పుడు గీసేవాడు. ఫోర్డ్‌కి ఇదంతా తెలుసు. కాగితం పాతబడినట్టు మరకలేసి, అంచుల్లో గొలుసుకట్టు రాత రాసి, ఇది సైన్స్ బొమ్మే అని ముందు మనల్ని నమ్మించేస్తాడు, దగ్గరికెళ్తే అప్పుడు కథ మొదలవుతుంది.

మీరు చూసినవి పాసింజర్ పావురాలు, అమెరికాలో ఉండి ఇప్పుడు పూర్తిగా అంతరించిపోయిన జాతి. ఒకప్పుడు వందల కోట్లు, గుంపు ఎగిరితే ఎండ కనపడేది కాదంట. వలలేసి, కాల్చి, పీపాల్లో కుక్కి రైళ్లలో పట్నాలకి పంపేశారు. ఆఖరిది, దానికి మార్తా అని పేరు, 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. ఇది రాస్తుంటేనే నాకు మనసు పాడైపోతోంది. ఇప్పుడు మళ్లీ బొమ్మ చూడండి, కొమ్మ పడిపోతోంది, రెక్కలుండి కూడా ఎగరకుండా ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. వాటిని చంపిన మనుషుల బుద్ధులే వాటికి పెట్టాడని నాకనిపిస్తుంది.

ఫోర్డ్ 1990ల్లో కొన్నాళ్లు ఇండియాలో ఉన్నాడు, తన బొమ్మల పుస్తకానికి పేరు కూడా పంచతంత్ర అనే పెట్టుకున్నాడు. మనం చిన్నయసూరి మిత్రలాభంలో చదివాం కదా, చిత్రగ్రీవుడి పావురాలు వలలో పడ్డాక అన్నీ ఒక్కసారే లేచి వలతో సహా ఎగిరిపోతాయి. ఆ కథ తెలిసినవాళ్లకి ఈ కొమ్మ చూస్తే ఇంకా ఎక్కువ నొప్పి.

మీ అబ్బాయికి చెప్పండి, కథ తర్వాత, ముందు పిట్ట సరిగ్గా రావాలి, ముక్కు, కాళ్లు, ఈకల వరసతో సహా, లేకపోతే కథ ఎవరూ నమ్మరు. మీకు గోదావరి గట్టుంది, కొంగలున్నాయి, పొద్దున్నే వెళ్లి కూర్చుని బతికున్నవాటినే చూస్తూ గీయమనండి.