డీప్ ఫ్రయర్‌లో ఆలూ చిప్స్ ఎర్రగా, మెత్తగా ఎందుకు వస్తున్నాయి?

మీ ఫ్రయర్ రెండున్నర లీటర్లది, 180 డిగ్రీలు పెడుతున్నారు, ముక్కలు సన్నగానే కోస్తున్నారు. అయినా చిప్స్ నిమిషంలో ఎర్రబడిపోతున్నాయి, చల్లారేసరికి మెత్తబడుతున్నాయి, మిషన్ మార్చేయమంటారా అని అడిగారు. మార్చకండి. నేను ఫ్రయర్ కొన్న కొత్తలో సరిగ్గా ఇదే జరిగింది, తప్పు మిషన్‌ది కాదు.

మాది హైదరాబాద్. మా అత్తమ్మ ఏళ్ల తరబడి మూకుడులోనే చిప్స్ వేయించారు, ఒక్కటీ మాడేది కాదు. నేను ఫ్రయర్‌లో వేయిస్తే రెండు కిలోలు వరసగా పాడయ్యాయి. వేడి పెంచి చూశాను, తగ్గించి చూశాను, నూనె మార్చాను. చివరికి అత్తమ్మ ఒక చిప్ నోట్లో వేసుకుని, "మొన్నటి కూర కూడా తియ్యగానే ఉంది కదమ్మా, గడ్డలే అట్లున్నయి" అన్నారు. ఆ గడ్డలు పది రోజులుగా ఫ్రిజ్‌లో ఉన్నాయి.

చలిలో ఉంచిన ఆలుగడ్డలో పిండి కొంత చక్కెరగా మారిపోతుంది. వేడి నూనెలో పడగానే ఆ చక్కెర త్వరగా ఎర్రబడుతుంది. పచ్చి ముక్కలో దాదాపు 80 శాతం నీళ్లే ఉంటాయి, కరకరలాడాలంటే అది రెండు శాతం దాకా తగ్గాలి. నీళ్లు పోవడానికి టైమ్ కావాలి, రంగు మాత్రం ముందే వచ్చేస్తుంది. మాడిపోతాయన్న భయంతో మనం తీసేస్తాం, నీళ్లు లోపలే ఉండిపోతాయి. అంటే ఎరుపు, మెత్తదనం రెండు వేర్వేరు సమస్యలు కావు. ఒకటి రావడం వల్లే రెండోది వస్తోంది.

మనం ఫ్రిజ్‌లో పెట్టకపోయినా, అంగట్లోకి రాకముందే గడ్డలు నెలల తరబడి కోల్డ్ స్టోరేజ్‌లో ఉండి ఉండవచ్చు. ఆగ్రా వైపు నుంచి వచ్చే సరుకు చాలా వరకు అలాంటిదే. చలికాలం చివర్లో జహీరాబాద్ వైపు నుంచి వచ్చే కొత్త పంటతో నాకు చిప్స్ బాగా కుదురుతాయి. చిప్స్ కోసమే సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ కుఫ్రీ చిప్సోనా రకాలను తయారుచేసింది. మొదటివి 1998లో విడుదలయ్యాయి. మా కూరగాయల బండి మీద అవి నాకెప్పుడూ కనిపించలేదు కాబట్టి ఉన్న గడ్డతోనే పని జరగాలి. నేను గడ్డలు తెచ్చాక వారం పది రోజులు గాలి తగిలే చీకటి మూలలో, గోనెసంచి మీద పరిచి ఉంచుతాను. ఆ వెచ్చదనానికి చక్కెర కొంత తగ్గుతుంది. మొలకలు, పచ్చదనం వచ్చినవి మాత్రం తీసేయండి.

అన్నింటికన్నా ముఖ్యం: కిలో అంతా కోసేయకముందు ఒక గడ్డ నుంచి రెండు ముక్కలు కోసి వేయించి చూడండి. అవి ఎర్రబడ్డాయంటే ఆ గడ్డలు కూరకు వాడుకోవడం మంచిది. చక్కెర ఎక్కువున్న గడ్డను ఎర్రగా వేయిస్తే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం కూడా ఎక్కువగా తయారవుతుంది. పిల్లలు తినేవి కదా, ఈ విషయంలో నేను రాజీపడను.

కొద్దిగా మాత్రమే ఎర్రబడితే దారి ఉంది. ముక్కలను రెండుమూడు సార్లు కడిగాక, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండి మరగని నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీయండి. చక్కెర కొంత నీళ్లలోకి దిగిపోతుంది. ఆ తర్వాత పాత కాటన్ చీర మీద పరిచి, ఫ్యాన్ కింద తడి పూర్తిగా ఆరేదాకా ఉంచండి. తొందరగా అయిపోవాలని చాలామంది ఈ ఆరబెట్టడం వదిలేస్తారు. తడి ముక్క వేస్తే నూనె పొంగుతుంది, వేడి కూడా పడిపోతుంది.

ఇక ఫ్రయర్ సంగతి. బుట్ట నిండా ముక్కలు పోసి నూనెలోకి దించుతున్నారనుకుంటాను. సన్నటి ముక్కలు అలా చేస్తే ఒకదానికొకటి అంటుకుంటాయి. ముందు ఖాళీ బుట్టను నూనెలోకి దించండి, తర్వాత ముక్కలను జాగ్రత్తగా ఒక్కొక్కటిగా జారవిడవండి. రెండున్నర లీటర్లకు ఒక విడతలో రెండు పిడికిళ్లు చాలు. ఎక్కువేస్తే నూనె చల్లబడి, ముక్కలు వేగడానికి బదులు నూనెలో నానతాయి. వేడి 170 నుంచి 175 పెట్టండి, నూనె ఆ వేడికి చేరి ఫ్రయర్ మీది లైటు ఆరేదాకా ఆగి మొదలుపెట్టండి. ముక్కలు వేశాక టైమర్ చూడొద్దు, చప్పుడు వినండి. మొదట సుయ్యిమని నురగ లేస్తుంది, నీళ్లు తగ్గేకొద్దీ బుడగలు చిన్నవై చప్పుడు సన్నగిల్లుతుంది. అప్పుడు లేత బంగారు రంగులో ఉండగానే తీసేయండి. నూనెలోంచి తీసేటప్పుడు కాస్త మెత్తగానే అనిపిస్తాయి, రెండు నిమిషాలు చల్లారాక కరకరలాడతాయి.

మిఠాయి కొట్ల వాళ్లు వేగుతున్న నూనెలో ఉప్పునీళ్లు చల్లడం చూసి ఇంట్లో కూడా చేద్దామనుకుంటారు. దయచేసి ఫ్రయర్‌లో చేయకండి. నూనె చిట్లి చేతుల మీద పడుతుంది. వేడి చిప్స్ మీదే సన్నటి ఉప్పు, కారం చల్లితే చాలు, బాగా పడుతుంది.

ఇంకొకటి. 2000 వాట్ల ఫ్రయర్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. నేను మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే ప్లగ్ కరిగి వాసన వచ్చింది. ఏసీకి వాడేలాంటి 16 ఆంపియర్ల సాకెట్‌కే నేరుగా పెట్టండి.

పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో పోయండి. వేడి మీద మూత పెడితే ఆవిరికి మళ్లీ మెత్తబడతాయి, వానాకాలంలో అయితే మరీ త్వరగా.