మేస్త్రీ నుంచి కాంట్రాక్టరుగా మారాలంటే

ప్రశ్న: నేను 18 ఏళ్లుగా ఖమ్మంలో తాపీమేస్త్రీగా ఉన్నాను. నా దగ్గర 12 మంది పనిచేస్తున్నారు. విడి ఇళ్లకు కూలి మాత్రమే మాట్లాడుకుని పనులు చేస్తాను, సామగ్రి ఇంటి యజమానే తెస్తాడు. ఏడాదికి మొత్తం 14 లక్షల దాకా వస్తుంది. ఇప్పుడు ఒక బిల్డరు తన అపార్ట్‌మెంటులో 9 లక్షల ప్లాస్టరింగ్ పని ఇస్తానంటున్నాడు గానీ జీఎస్టీ బిల్లు కావాలంటున్నాడు. మా బావమరిది 3 లక్షలు పెట్టి కలుస్తానంటున్నాడు. కంపెనీ పెట్టడమే మంచిదని కొందరి సలహా. ఏం చేయాలి?

జవాబు: కంపెనీ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే ఆ ఏడాది పని దొరికినా దొరకకపోయినా లెక్కల ఆడిట్, కంపెనీల రిజిస్ట్రారుకు పంపవలసిన వార్షిక పత్రాలు తప్పవు. మీ స్థాయికి సొంత పేరుమీద నడిపే ప్రొప్రయిటరీ వ్యాపారం చాలు. దానికి మీ పాన్ కార్డు, వ్యాపారం పేరుతో కరెంటు ఖాతా, ఆధార్‌తో ఉచితంగా జరిగే ఉద్యం నమోదు (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే నమోదు) ఉంటే మొదలుపెట్టవచ్చు. ఉద్యం నమోదుకు డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మకండి.

మీ ప్రశ్నలో అసలు చిక్కు జీఎస్టీ దగ్గర ఉంది. నివాస సముదాయంలో భాగం కాని విడి ఇంటి నిర్మాణానికి కూలి మాత్రమే తీసుకుని చేసే పనికి పన్ను మినహాయింపు ఉంది కనుకనే ఇన్నాళ్లూ మీకు నమోదు అవసరం పడలేదు. అపార్ట్‌మెంటు పనికి ఆ మినహాయింపు లేదు, 18 శాతం పన్ను పడుతుంది. సేవలకు నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షలు కదా, అపార్ట్‌మెంటు పని 9 లక్షలే కదా అని చాలామంది పొరబడతారు. ఆ 20 లక్షల లెక్కలో మినహాయింపు ఉన్న పనుల విలువను కూడా కలపాలి. మీ 14, ఈ 9 కలిస్తే 23 లక్షలు, అంటే బిల్డరు అడగకపోయినా మీరు నమోదు చేసుకోవలసిందే. ఇంటి యజమాని తెచ్చే సిమెంటు, ఇసుక విలువ మాత్రం ఈ లెక్కలోకి రాదు.

బిల్డరు పట్టుబట్టడానికీ కారణం ఉంది. తన ఫ్లాట్లపై 1 లేదా 5 శాతం పన్ను కట్టే బిల్డరు తన కొనుగోళ్లలో, సేవల్లో 80 శాతం నమోదైన వారి నుంచే తీసుకోవాలి, తగ్గితే ఆ తరుగుపై తానే పన్ను కట్టుకోవాలి. కాబట్టి ఒప్పందంలో ధర పక్కన ‘జీఎస్టీ అదనం’ అని స్పష్టంగా రాయించుకోండి. ఆ రెండు మాటలు లేకపోతే 9 లక్షల మీద 1,62,000 రూపాయలు ఎవరు భరించాలన్నది తగవుగా మారుతుంది. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉన్నవారికి, మొత్తం రాబడి మీద ఒకే రేటున 6 శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతి ఉంది గానీ మీకు దాన్ని సిఫారసు చేయను. అందులో చేరితే ఇప్పుడు పన్నే లేని మీ ఇళ్ల పనుల మీద కూడా 6 శాతం మీ చేతి నుంచి పోతుంది.

ఇక బావమరిది సంగతి. ఆయన ఇచ్చేది అప్పయితే ప్రామిసరీ నోటు రాసి, మూడేళ్లలోగా తీర్చడమో తిరగరాయడమో చేయండి. ఆయన నిజంగా వాటాదారుడే అయితే భాగస్వామ్య పత్రం రాసుకుని ఫర్మ్స్ రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించండి. 1932 నాటి భాగస్వామ్య చట్టం నమోదును తప్పనిసరి చేయలేదు గానీ, నమోదు కాని సంస్థ తనకు రావలసిన బిల్లు కోసం బిల్డరు మీద దావా వేయలేదు. పైగా సంస్థ అప్పులకు ఇద్దరూ పూర్తిగా బాధ్యులే, 3 లక్షలు పెట్టాడు గనుక 3 లక్షల వరకే అన్న లెక్క చెల్లదు. చుట్టరికంలో కాగితం ఎందుకని మొహమాటపడ్డవారే తరవాత నాకు ఉత్తరాలు రాస్తుంటారు. మీకు నా సలహా అప్పు పద్ధతే. వ్యక్తిగత కాంట్రాక్టరు బిల్లులో ఆదాయపు పన్ను కింద 1 శాతం కోస్తారు, భాగస్వామ్య సంస్థకైతే 2 శాతం. ఎంత కోసినా రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది.

కూలీల విషయం మీరు అడగలేదు. 20 మంది అయ్యేదాకా ప్రావిడెంట్ ఫండ్ మీకు వర్తించదు. ప్రమాద పరిహారానికి మాత్రం ఆ అంకెతో పనిలేదు. సారువ మీది నుంచి పడి ఒక్క మనిషి ప్రాణం పోయినా, పనిలో పెట్టుకున్న వారిగా పరిహారం బాధ్యత మీ మీద పడుతుంది, ‘రోజుకూలీ కదా’ అన్న వాదన నిలవదు. అందుచేత అపార్ట్‌మెంటులో పని మొదలుకాక ముందే ఆ 12 మందికీ వర్తించేలా వర్క్‌మెన్ కాంపెన్సేషన్ (కూలీల ప్రమాద పరిహార) బీమా పాలసీ తీసుకోండి, రోజువారీ మస్టరులో (హాజరు పట్టీలో) అందరి పేర్లూ రాసి ఉంచండి.